పాలిపోయింది ముదురాకా, చిగురాకా?

సంక్రాంతి దాటాక నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకే మాటతో మొదలవుతాయి: "అమ్మా, ఆకులు పచ్చబడుతున్నాయి." మన భాషలో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాను, అది ఇబ్బంది కాదు. నాకు కావలసిన కబురు ఇంకొకటి ఉంది. పాలిపోయింది కింద ఉన్న ముదురాకా, పైన ఉన్న చిగురాకా? అది రాయకపోతే జవాబు సగమే చెప్పగలను.

మట్టి పరీక్ష ల్యాబులో 24 ఏళ్లు పనిచేశాను. కావలి దగ్గర మాకున్న 40 సెంట్లలో ఏడేళ్లుగా నాగలి పెట్టలేదు, ట్రాక్టర్ దించలేదు. ఈ నెల ఉత్తరాలన్నీ అలాంటి దున్నని మడుల గురించే వచ్చాయి కాబట్టి ఒకచోట చేర్చి రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది కోవూరు దగ్గర పల్లె. ఇంటి వెనక 8 సెంట్లలో మడులు కట్టి రెండేళ్లుగా దున్నడం మానేశాం. ఈసారి వంగ, టమాటా నాటేముందు గుంటల్లో వరిగడ్డి తరిగి మట్టితో కలిపి నింపాం. మూడు వారాలు బాగానే ఉన్నాయి. ఇప్పుడు కింది ఆకులు మొత్తం పసుపు తిరిగి రాలిపోతున్నాయి. మొక్క ఎదుగూ బొదుగూ లేకుండా నిలబడిపోయింది. పదిహేను రోజులకోసారి జీవామృతం పోస్తూనే ఉన్నాం. మా నేలలో బలం లేదంటారా?

జవాబు: బలం లేక కాదమ్మా, ఆ బలాన్ని ప్రస్తుతం గడ్డి తింటోంది.

కింది ఆకు ఈనెలతో సహా ఆకంతా ఒకే రంగుగా పాలిపోతే అది నత్రజని లోటు. మొక్క తనకి చాలనప్పుడు ముదురాకులో దాచుకున్న నత్రజనిని లాగి చిగురుకి పంపుకుంటుంది. ఇంట్లో తిండి తక్కువైనప్పుడు అమ్మ తన ముద్ద పిల్లలకి పెట్టినట్టే. అందుకే కింద పసుపు, పైన పచ్చ.

మరి గడ్డికేం సంబంధం? వరిగడ్డిలో నత్రజని ఒక పాలుంటే కర్బనం 60 నుంచి 80 పాళ్లు ఉంటుంది. దాన్ని కుళ్లించే సూక్ష్మజీవులకి పాతిక పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. గడ్డిలో అంత దొరకదు కాబట్టి చుట్టూ ఉన్న మట్టిలోంచి లాక్కుంటాయి. గడ్డి పైన పరిచి ఉంటే మట్టిని తాకే పలుచటి పొర దగ్గరే ఈ లాగుడు జరుగుతుంది, వేళ్లకి పెద్దగా తెలియదు. మీరు గుంటలో వేళ్ల పక్కనే కలిపేశారు. అక్కడే తేడా వచ్చింది.

జీవామృతం గురించి కూడా ఒక మాట. నేను లెక్కకట్టి చూశాను. 200 లీటర్ల జీవామృతంలో వేసే 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల పప్పుపిండి అన్నీ కలిపినా నత్రజని పావు కిలో దాటడం కష్టం. అది ఎకరానికి పోసే మోతాదు. జీవామృతం పని సూక్ష్మజీవులని పెంచడం, మొక్కకి నత్రజని వడ్డించడం కాదు. ఎండుగడ్డి కూరిన గుంటలో అది పోస్తే కుళ్లించేవాళ్లు ఇంకా పెరుగుతారు, వాళ్ల ఆకలీ పెరుగుతుంది. జీవామృతం మీద నాకు నమ్మకం ఉంది, నేనూ వాడతాను. కానీ ఈ జబ్బుకి అది మందు కాదు.

గుంటలు తవ్వి గడ్డి బయటికి తీయకండి. ఉన్న నాలుగు వేళ్లూ తెగుతాయి. వేరుశనగ చెక్క తెచ్చుకోండి, అందులో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది. కిలో చెక్క 10 లీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టండి. వాసన ఘాటుగా వస్తుంది, కంగారు పడొద్దు. దానికి నాలుగింతలు మంచినీళ్లు కలిపి మొక్కకి లీటరు చొప్పున, మొదలుకి జానెడు దూరంలో పోయండి. పది రోజులాగి ఇంకోసారి. మీ కాలవ గట్టు మీద గిరిపుష్పం (గ్లిరిసిడియా) చెట్లుంటే ఇంకా మంచిది. లేత కొమ్మలు నరికి ఆకు దూసి, చదరపు మీటరుకి రెండు కిలోల చొప్పున మడి మీద పరిచి దానిపైన గడ్డి కప్పండి. పచ్చి ఆకు కింద, ఎండుగడ్డి పైన. ఈ వరస తప్పకూడదు.

వారం పది రోజుల్లో కొత్తగా విచ్చే ఆకు రంగు చూడండి. పసుపు తిరిగిన పాత ఆకు మళ్లీ పచ్చబడదు. దాన్ని చూసి మందు పనిచేయలేదనుకుని మోతాదు పెంచేవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: మేడం గారూ, మాది పొదిలి పక్కన ఎర్రనేల, బోరు నీళ్లు. దున్నడం మానేసి మూడో ఏడు. గోరుచిక్కుడు, బెండలో చిగురాకులు తెల్లగా పాలిపోయాయి, ఈనెలు మాత్రం పచ్చగా వల గీసినట్టున్నాయి. బూడిద చల్లాం, ఎముకల పొడి వేశాం, కోడిగుడ్డు పెంకులు దంచి వేశాం. వేసేకొద్దీ ఎక్కువవుతోంది. నాలుగేళ్ల కింద దున్ని వానాధారం కంది వేసే రోజుల్లో ఈ జబ్బు లేదు. పక్క చేను ఆయన "ఎరువు లేకుండా పంటేందబ్బా" అని నవ్వుతున్నాడు.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను.

మా మడులు వేసిన మూడో ఏడు, టిఫిన్ హోటల్ పొయ్యిలోంచి సరుగుడు కట్టెల బూడిద బస్తాలకి బస్తాలు ఊరికే ఇస్తున్నారని తెచ్చి, మంచిదే కదా అని మూడు నెలలు చల్లాను. గోంగూర ముందు పాలిపోయింది. తర్వాత చిక్కుడు. ల్యాబులో ఎన్ని వేల నమూనాలు చూశానో, నా మడి దగ్గర మాత్రం వెంటనే తట్టలేదు. బూడిదలో పొటాష్ ఉన్న మాట నిజమే, కానీ అది క్షారం. మన బోరు నీళ్లు అసలే క్షారం. ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొలుసు కడుతుందే, అదే రోజూ మన మడిలోకి పోతోంది.

చిగురాకు పాలిపోయి ఈనెలు పచ్చగా మిగిలితే ఇనుము లోటు. ఇనుము ముదురాకులోంచి చిగురుకి కదిలి రాదు, అందుకే దెబ్బ కొత్త ఆకు మీద కనిపిస్తుంది. "ఎర్రనేలలో ఇనుము లోటేంది?" అని అడుగుతావు. న్యాయమైన ప్రశ్న. ఆ నేల ఎరుపే ఇనుము తుప్పు వల్ల వచ్చింది. ఇనుము ఉంది, కరిగి లేదు. మట్టి పీహెచ్, అంటే పులుపు-క్షారాల కొలత, ఒక్క అంకె పెరిగితే కరిగే ఇనుము వెయ్యో వంతుకి పడిపోతుంది. నువ్వు వేసిన బూడిద పీహెచ్‌ని ఇంకా పైకి తోసింది. ఎముకల పొడి, పెంకులు అలాంటి నేలలో కరగవు కూడా, అలాగే పడి ఉంటాయి. అవన్నీ ఇవాళే ఆపెయ్.

నేల సంగతి తేల్చుకోవడానికి ఒక చిన్న పని చెయ్యి. మడిలోంచి గుప్పెడు పొడిమట్టి పళ్లెంలో పోసి దాని మీద ఒక నిమ్మకాయ పిండు. చెవి దగ్గర పెట్టి విను. బుసబుసమని నురగ వస్తే మట్టిలో సున్నం ఉన్నట్టే.

తర్వాతది ఇంకా ముఖ్యం. లీటరు నీళ్లలో ముందు గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి కరగనిచ్చి, 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) కలుపు. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. తుప్పు రంగుకి తిరిగిందైతే పనికిరాదు, మార్చుకో. ఆ నీళ్లు వెంటనే పంపులో పోయకు. చిన్న కుంచె తీసుకుని, పాలిపోయిన ఒకే ఒక్క చిగురాకుకి నడిమి ఈనెకి ఒక పక్క మాత్రమే పూయి. ఆ కొమ్మకి దారం కట్టి గుర్తు పెట్టు. వారం లోపల పూసిన సగం మీద పచ్చటి చుక్కలు లేచి ఒకదానితో ఒకటి కలుస్తూ వస్తాయి, పూయని సగం తెల్లగానే ఉంటుంది. ఆ ఆకు కోసి సూర్యుడికి ఎదురుగా పట్టుకుని చూడు. గోంగూర ఆకు మీద నేను చూసింది ఇప్పటికీ కళ్లలో ఉంది. ఒకే ఆకు, నడిమి ఈనె సరిహద్దు గీతలాగా, ఒక పక్క పచ్చ, ఒక పక్క పాలు. అలా వస్తేనే మందు చెట్టంతా కొట్టు. రాకపోతే లోటు వేరేది, డబ్బులు మిగుల్తాయి.

కొట్టడం సాయంత్రం పూటే. కలిపిన నీళ్లు ఏరోజువి ఆరోజే అయిపోవాలి. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చాలు.

ఇది ఆకుకి వైద్యం. నేలకి వేరే ఉంది. పశువుల ఎరువు కుప్పలో అన్నభేది కలిపి నెల రోజులు తడిగా మాగనిచ్చి మడికి వేస్తే ఇనుము తొందరగా బిగుసుకుపోదు. ఏటా కార్తీక మాసంలో పడే వాన నీళ్లు పట్టుకునే వీలుంటే పట్టుకో. వానల తర్వాత ఏమీ వేయకుండానే చిగుళ్లు పచ్చబడటం నువ్వూ చూసే ఉంటావు, బోరు నీళ్లు ఆగిపోయినందువల్లే అది. పొటాష్ కావాలంటే బూడిద బదులు అరటిబోదె ముక్కలు కోసి గడ్డి కింద పెట్టు.

దున్నిన రోజుల్లో ఎందుకు లేదన్నావు. నాలుగేళ్ల కింద ఆ చేలో వానాధారం కంది వేసేవాళ్లమని నువ్వే రాశావు. బోరు నీళ్ల కూరగాయలు ఇప్పుడు మొదలయ్యాయి. మారింది నాగలి ఒక్కటే కాదు, నీళ్లు కూడా మారాయి. పక్క చేను ఆయనకి ఆ సగం పచ్చబడ్డ ఆకు చూపించు.

ప్రశ్న: అల్లూరు వైపు సముద్రానికి దగ్గర ఊరు మాది. ఇసుక నేల, బోరు నీళ్లు, చుట్టూ రొయ్యల చెరువులు. మిరప, బీర ముదురాకుల అంచులు మాడిపోతున్నాయి. పొటాష్ లోటని ఎవరో చెబితే కోళ్ల ఎరువు, వర్మి కంపోస్టు బాగా వేశాం. ఇంకా మాడుతున్నాయి.

జవాబు: ముదురాకు అంచు మాడటం పొటాష్ లోటు గుర్తే. అయితే ఉప్పు ఎక్కువైనా అచ్చం అలాగే మాడుతుంది. మీ ఊరి సంగతి చూస్తే నా అనుమానం ఉప్పు మీదే. కోళ్ల ఎరువులో కూడా లవణాలు ఎక్కువ. ఉప్పు మీద ఉప్పు పోసినట్టయింది.

ఎండిన రోజు మధ్యాహ్నం మడి అంచున, తడి ఆరే చోట చూడండి. తెల్లటి పొడిలాంటి పూత కనిపిస్తే సందేహం అక్కర్లేదు. ముందు బోరు నీళ్లకి ఈసీ పరీక్ష చేయించండి, నీళ్లలో లవణం ఎంతుందో అది చెబుతుంది. ఎరువులన్నీ ఆపి, మంచినీళ్లు దొరికిన రోజున మడి నిండుగా ఒకసారి పెట్టి లవణం కిందికి దిగేలా చేయండి. మీది ఇసుక నేల కాబట్టి దిగుతుంది. రోజూ పైపైన తడపడం కంటే ఆగి ఆగి లోతుగా పెట్టడం మేలు. మల్చింగ్, అంటే నేల మీద కప్పే ఆకు, గడ్డి, మాత్రం పలచన కానివ్వకండి. నేల ఎండకి బోసిగా ఉంటే నీరు ఆవిరై ఉప్పు పైకి వస్తుంది. మీ దగ్గర దండిగా దొరికే సరుగుడు ఆకు తొందరగా కుళ్లదు, దీనికి బాగా పనికొస్తుంది.

ప్రశ్న: ఒంగోల్లో మేడ మీద టమాటా. కాయ అడుగున నల్లగా చర్మంలా అవుతోంది. కాల్షియం లోటట కదా, గుడ్డు పెంకులు ఎన్ని వేయాలి?

జవాబు: ఒక్కటీ వద్దమ్మా. కాయకి కాల్షియం అందకపోవడం నిజమే కానీ, మట్టిలో లేక కాదు. కాల్షియం నీటితోపాటే పైకి ఎక్కుతుంది. ఒక రోజు కుండీ ఎండి, మర్నాడు ముంచేస్తే కాయ దాకా చేరదు. పెంకులు ఈ పంటకాలంలో కరగనే కరగవు. మచ్చ పడిన కాయలు తెంపేయండి. కుండీ పైన నాలుగు వేళ్ల మందాన ఎండాకు వేసి, ఏ రోజూ పూర్తిగా ఎండకుండా ఉదయం సాయంత్రం కొద్దికొద్దిగా పోయండి. తర్వాతి గుత్తి బాగుంటుంది.

ప్రశ్న: పొదలకూరు మండలంలో మూడెకరాల నిమ్మతోట. అయిదేళ్లుగా చెట్ల కింద దున్నకుండా గడ్డి కోసి అక్కడే వేస్తున్నాం. సేంద్రియ సర్టిఫికెట్ కూడా ఉంది. కొత్త చిగుళ్లలో ఆకులు చిన్నవిగా, కురచగా, గుత్తిగా వస్తున్నాయి, ఈనెల మధ్య పసుపు మచ్చలు. జింక్ అంటున్నారు, వాడొచ్చా?

జవాబు: మీరు చెప్పిన గుర్తులు జింక్‌వే. కొట్టేముందు ఒక ఆకు తీసుకుని నడిమి ఈనెకి రెండు పక్కలా మచ్చలు పోల్చి చూడండి. రెండు పక్కలా ఒకేలా ఉంటే పోషక లోటు. ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా కలగాపులగంగా ఉంటే, అదీ తోటలో అక్కడక్కడ ఒక్కో కొమ్మకే ఉంటే, గ్రీనింగ్ తెగులు కావచ్చు. సిల్లా పురుగు మోసుకొచ్చే ఆ తెగులుకి జింక్ ఎంత కొట్టినా లాభం లేదు, ఉద్యాన అధికారికి చూపించాలి. ఈ రెండింటినీ ఒకటనుకుని ఏళ్ల తరబడి జింక్ కొడుతూ, తెగులు పక్క చెట్లకి పాకిన తోటలు చూశాను. చాలా బాధేస్తుంది.

జింక్ లోటే అయితే లీటరుకి 5 గ్రాముల జింక్ సల్ఫేటు, ఆకు మాడకుండా రెండున్నర గ్రాముల సున్నం కలిపి, కొత్త ఆకులు మూడొంతుల్లో రెండొంతులు విచ్చుకున్నప్పుడు పిచికారీ చేయాలి. అయితే మీకు సర్టిఫికెట్ ఉంది. సేంద్రియ ప్రమాణాలు సూక్ష్మపోషకాలని లోటు రుజువైతేనే, అదీ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఒప్పుకుంటేనే వాడనిస్తాయి. మట్టి, ఆకు పరీక్ష రిపోర్టు జతచేసి ముందు వాళ్లకి రాయండి. వాడాక చెబుదాంలే అనుకుంటే అయిదేళ్ల కష్టం పోతుంది. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం పద్ధతిలో చేసేవాళ్లు ఈ లవణాలని అసలే ఒప్పుకోరు, వాళ్ల మాటకి నాకు గౌరవం ఉంది. నా మట్టుకు నేను, చెట్టు కళ్ల ముందు చిక్కిపోతుంటే లీటరుకి అయిదు గ్రాములు తప్పనుకోను.

చెట్ల కింద దున్నకపోవడం వల్ల మీకు మేలే జరుగుతోంది. వేళ్లని అల్లుకుని ఉండే బూజు పోగులు జింక్‌నీ భాస్వరాన్నీ వేరు చేరలేని చోట నుంచి తెచ్చిపెడతాయి. గొర్రు తోలితే అవి తెగిపోతాయి.

ప్రశ్న: కందుకూరు దగ్గర మాది. దున్నని మడిలో మట్టి నమూనా ఎలా తీయాలి? ఎంత లోతు? పంట బాగా లేదని మా ఆయన "ఒక్కసారి దున్నేస్తే పోయె" అంటున్నారు. నాకేమో మూడేళ్ల కష్టం పోతుందని టెన్షన్.

జవాబు: దున్నితే రెండు మూడు వారాలు చేను నిగనిగలాడుతుందమ్మా, అది మాత్రం నిజం. గాలి తగిలి, దాచుకున్న సేంద్రియ పదార్థం గబగబా కుళ్లి నత్రజని ఒక్కసారిగా విడుదలవుతుంది. మీ ఆయన గుర్తుపెట్టుకుంది ఆ నిగనిగే. కానీ అది మూడేళ్లుగా మీరు పొదుపు చేసుకున్నది తీసి ఖర్చు పెట్టడం. నమూనా ఫలితం వచ్చేదాకా ఆగమని నా మాటగా చెప్పండి.

దున్నిన చేలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి ఒకటే నమూనాగా తీస్తారు. మన మడిలో ఎరువు, ఆకు అలము అన్నీ పైనే పడతాయి కాబట్టి పోషకాలు పై పొరలో పోగుపడి కింద పలచగా ఉంటాయి. కలిపి తీస్తే రెండూ తెలియవు. అందుకని పై 5 సెంటీమీటర్లు ఒక సంచిలో, 5 నుంచి 15 దాకా ఇంకో సంచిలో తీయండి. గడ్డిని పక్కకి తోసి, ఎనిమిది పది చోట్ల తీసి, నీడలో ఆరబెట్టి కలపండి. కుప్పని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు ఉంచుకుని మిగతాది పారేస్తూ, అరకిలో మిగిలేదాకా తగ్గించండి. ప్లాస్టిక్ బకెట్ వాడండి. జింక్ పూత ఉన్న రేకు బకెట్‌లో తీసిన నమూనాల్లో జింక్ ఎక్కువగా కనిపించి రైతులు మోసపోవడం ల్యాబులో నేను చాలాసార్లు చూశాను. ఎరువు వేసిన వెంటనే తీయొద్దు, నెలైనా ఆగండి.

రెండు సంచులూ రైతు సేవా కేంద్రంలో ఇచ్చి, కార్డులో ఉండే 12 అంశాలూ అడిగి రాయించుకోండి. ముందు పీహెచ్, ఈసీ చూడండి. తర్వాత సేంద్రియ కర్బనం, అది అర శాతం కన్నా తక్కువుంటే తక్కువ కిందే లెక్క. జింక్ 0.6 పీపీఎం (కిలో మట్టికి మిల్లీగ్రాములు) దిగువకి ఉంటే లోటు. పై పొరలో అన్నీ బాగుండి కింది పొర ఖాళీగా ఉంటే, నేల బిగుసుకుపోయి వేరు దిగడం లేదేమో చూడాలి. మడి తడిగా ఉన్నప్పుడు గొడుగు చువ్వలాంటి ఇనుప కమ్మీ గుచ్చండి. జానెడు లోతులో టక్కున ఆగిపోతే గట్టి పొర ఉన్నట్టు. అప్పుడు కూడా నాగలి వద్దు. పదును చూసి, పలుగు దింపి, అడుగుకొకచోట మట్టిని కదిలించి వదిలేయండి, తిరగేయకుండా. ఆ పగుళ్లలో జనుము గానీ ముల్లంగి గానీ చల్లి, పూతకి రాగానే నేలమట్టంగా కోసి అక్కడే పరవండి. వేళ్లు లోపలే కుళ్లనివ్వండి. ఫలితాల కార్డు వచ్చాక రెండు పొరల అంకెలూ రాసి పంపండి, పాలిపోయింది ఏ ఆకో కూడా.